ఒక్క పొరపాటు

ఎర్రగడ్డ ఆదివారం సంతకు ఆరున్నరకల్లా చేరాలి. ఎండెక్కాక మిగిలేది తుక్కేనని నా సిద్ధాంతం. రోడ్డు పక్కన పట్టాల మీద మూతల్లేని మిక్సీ జార్లు, జత తప్పిన చెప్పులు, ఏ టీవీవో తెలియని రిమోట్లు. అవన్నీ దాటుకుని వెళ్తే ఓ పెద్దాయన. సోడాబుడ్డి కళ్లద్దాలు. ముందు పాత దుప్పటి మీద వరసగా చేతి వాచీలు, రెండు మూడు ట్రాన్సిస్టర్లు, ఇత్తడి మరచెంబులు.

నా పార్ట్‌టైమ్ వ్యాపారం ఆ దుప్పటి దగ్గరే మొదలైంది. సంతలో కొనడం, ఇంటికొచ్చి తుడవడం, కిటికీ వెలుతురులో ఫోటో తీయడం, యాప్‌లో పెట్టి అమ్మడం. ముప్ఫయ్యేళ్లు బ్యాంకులో పద్దులు రాసినవాణ్ని, నాకు లెక్క తప్పుతుందా?

ముఖ్యంగా హెచ్ఎంటీ వాచీల మీద పడ్డాను. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో పుట్టిన సరుకది. ఒకప్పుడు పరీక్ష పాసైనా, పెళ్లికొడుకైనా చేతికెక్కేది అదే. 2016లో ఆ వాచీల కంపెనీకి ప్రభుత్వం తాళం వేయించాక పాతవాటి కోసం వెతికేవాళ్లు బయల్దేరారు. ఇంకేం, తళతళలాడే డయల్ ఉన్నవి ఏరుకొచ్చాను. మచ్చలు పడ్డవీ, రంగు వెలిసినవీ ఎవడిక్కావాలి?

"మంచిగ ఏరినవ్ సార్! నీ కన్నే కన్ను," అనేవాడు పెద్దాయన. బేరం కూడా ఎక్కువ చేసేవాడు కాదు. పాపం, చదువురానివాడు, సరుకు విలువ తెలియదనుకున్నాను.

యాప్‌లో నా సరుకు చూసి మెసేజీలు మాత్రం జోరుగా వచ్చేవి. "ఉందా?" "లాస్ట్ ఎంత?" "ఐదొందలకిస్తావా బ్రో?" నాకు అరవై నిండాయి. ఒకడైతే తాను సైన్యంలో పనిచేస్తున్నానన్నాడు, డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండన్నాడు. డబ్బు రావడానికి పిన్‌తో పనేమిటని మా ఆవిడ ఫోన్ లాక్కుంది కాబట్టి సరిపోయింది. బ్యాంకులో పనిచేసింది నేను!

ఇంకొందరు ఒకే ప్రశ్న అడిగి మాయమయ్యేవారు: "డయల్ ఒరిజినలేనా?" తర్వాతెప్పుడో తెలిసింది. పాత డయల్‌కి కొత్త రంగు పూసి, పేరు మళ్లీ అచ్చేసి, దొరికిన ముక్కలన్నీ కలిపి బిగించిన వాచీలే అంత తళతళలాడతాయట. వాడినవాడి చెమటకీ ఎండకీ మచ్చపడిన డయలే అసలుదట. అంటే నేను ఏరి ఏరి ఏవి తెచ్చానో అర్థమైంది కదా.

మొత్తం వ్యాపారంలో నేను మీసం మెలేసిన రోజు ఒక్కటే. తళతళల మధ్య పొరపాటున ఓ మాసిన హెచ్ఎంటీ జనతా వచ్చింది, అంకెలు దేవనాగరిలో ఉన్నాయి. ఆరు వందలు పెట్టాను. యాప్‌లో పదిహేను వందలని పెట్టిన పది నిమిషాల్లో ఫోనొచ్చింది. బేరం లేదు, లాస్ట్ ఎంత అన్న మాట లేదు. గంటలో హెల్మెట్టూ, దానికింద మొహమంతా చున్నీ చుట్టుకున్న ఓ అమ్మాయి స్కూటీ మీద వచ్చి, డబ్బు పంపి, వాచీ చెవి దగ్గర పెట్టుకుని విని, థాంక్యూ అంకుల్ అని వెళ్లిపోయింది. "చూశావా, ఒక్క దెబ్బకి తొమ్మిదొందలు," అన్నాను మా ఆవిడతో. ఆ నెలంతా అదే అన్నాను.

పదకొండు నెలలయ్యాక పద్దు తీశాను. అమ్మినవి 38. పెట్రోలు, అట్టపెట్టెలు, బుడగల కవరు, కొరియరు పోగా మిగిలింది 9,200. పెట్టిన సమయం, 46 వారాలు వారానికి 9 గంటల చొప్పున, 414 గంటలు. గంటకు 22 రూపాయలు. మంచం కింద అమ్ముడుపోని సరుకు 17, వాటికి పోసింది 11,400. అది కూడా కలిపితే నేనే ఎదురు రెండు వేల రెండొందలు ఇచ్చి ఏడాది పాటు కూలి చేశానన్నమాట. ప్యాకింగ్ అంతా చేసిన మా ఆవిడ కూలి ఆ పద్దులో లేదు. రాయమని ఆవిడా అడగలేదు, కానీ అటే చూస్తూ నిలబడింది.

సంచిలో పదిహేడూ వేసుకుని పెద్దాయన దగ్గరికే వెళ్లాను. సగం ధరకైనా తీసుకోకపోతాడా అని. ఆయన కళ్లకి నల్లద్దాలు. పక్కన స్టూలు మీద డిగ్రీ చదివే వయసు మనవరాలు, చేతిలో ఫోను.

"ఇవా? వద్దంకుల్," అంది సంచిలోకి చూడగానే. "ఇవి మేము మూడు నెలలు యాప్‌లో పెట్టినం. ఎవ్వరూ కొనలే. అప్పుడే తాత మీకిచ్చిండు."

నాకు కాసేపు మాట రాలేదు. "మరి, అన్నీ ముందు మీరే యాప్‌లో..."

"అవును. పోయేటివి అక్కడ పోతయి. పోనివి ఈడికొస్తయి."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. ఆ అమ్మాయి చున్నీ సర్దుకుంటూ నవ్వింది. "జనతా వాచీ గుర్తుందా అంకుల్? తాత కంట్ల శుక్లముండె, తెల్వక మీకిచ్చిండు. మీరు యాప్‌ల పెట్టంగనే ఉరికొచ్చిన. మస్తు రేటుకు పోయింది."

నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన నల్లద్దాలు సర్దుకుంటున్నాడు.

"ఆ పైసలకు ఇంకొన్నేసి తాత కన్ను ఆపరేషన్ చేయించినం," అంది. "ఇగ పొరపాటు కాదు."