అక్కకు, స్వెట్టర్ల ఆర్డరు విషయమై

గ్లాస్గో

అక్కకు,

వాట్సాప్‌లో చెబితే సగం విని బొటనవేలు గుర్తు పెట్టేస్తావు కాబట్టి ఈసారి కాయితం మీద రాస్తున్నా. అమ్మకు చదివి వినిపించు. బావ గురించిన ముక్కలు మాత్రం మనసులో చదువుకో.

నీ ఆర్డరు అందింది. బావకు స్వెట్టరు, అమ్మకు శాలువా, పిల్లలకు టోపీలు, చిన్నత్తకు ‘ఏదైనా ఫారిన్‌ది’, చిన్నత్త తోడికోడలికి అంతకంటే ఓ పిసరు తక్కువది. అంతా బాగానే ఉంది గానీ, మన ధర్మపురి వైపు ఇండూరులో ఇవన్నీ ఎప్పుడు వేసుకుంటారో కూడా చెప్పి ఉండాల్సింది. మన ఊళ్లో చలి అంటే ధనుర్మాసంలో తెల్లారుజామున పాలకు పోయేటప్పుడు ఓ గంట. బెంగళూరు బస్సులో మూతపడని కిటికీ పక్కన సీటు దొరికితే ఇంకో మూడు గంటలు. ఆ మాత్రానికి స్కాట్లాండు గొర్రెను మొత్తంగా ఒంటికి చుట్టుకోవాలా? అందుకని పల్చటివే అల్లుతున్నా. పల్చటివి అనగానే ‘అయితే తొందరగా అయిపోతాయిలే’ అన్నావు చూడు, ఈ ఉత్తరమంతా ఆ మాటకు జవాబే.

ముందు బావ సంగతి. మగాడు సూదులు పట్టుకుని కూర్చోవడమేమిటని నవ్వాడట. మన ఇంట్లో గుంట మగ్గంలో కాళ్లు పెట్టి తొక్కింది, నాడె విసిరింది తాతే కదా. అవ్వ కండెలు చుట్టింది, ఆసు పోసింది. నేత మగాడి పని అయినప్పుడు అల్లికకు ఏం రోగం? ఇంకో మాట. బావను చొక్కా విప్పి బనియను దగ్గరగా చూసుకోమను. ముందువైపు సన్నగా జడలు అల్లినట్టు నిలువు వరసలు, తిప్పితే వెనకవైపు అడ్డంగా అలలు. అది నేసిన బట్ట కాదు, అల్లిన బట్ట. తిరుప్పూరులో గుండ్రటి మిషను మీద గొట్టంలా దిగుతుంది. అంటే బావ పుట్టినప్పటి నుంచీ అల్లిక కట్టుకునే తిరుగుతున్నాడు. తిరుప్పూరులో ఉన్న చిన్నాయన కొడుకేమో, నువ్వు నెలంతా చేసే పని మా మిషను టీ తాగొచ్చేలోగా చేసేస్తుందంటాడు. నిజమే. దాని పేరు చెప్పి చిన్నత్త ఊరంతా తిరగదు, అంతే తేడా.

ఈ విద్య నాకెట్లా వచ్చిందంటే, నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక అవ్వ ఉంది. షెట్లాండు దీవుల మనిషి. పేరు రాయను, రాస్తే నువ్వు ఫేస్‌బుక్‌లో వెతుకుతావు. నేను మాత్రలు పట్టుకుని పోతే ఆమె సూదులు నా చేతికిచ్చేది. ఒక వరస అల్లితే ఒక మాత్ర మింగుతానని బేరం. ఆమెకు బీపీ, షుగరు, కీళ్లనొప్పులు, గుండె. చాలా మాత్రలు. నాకు బాగానే వచ్చింది విద్య.

మగ్గానికి పడుగు కావాలి, పేక కావాలి, పడుగు సాపు చేయడానికి వీధి పొడుగునా చోటు కావాలి, ఆ చోటు కోసం పక్కింటివాళ్లతో తగువు కావాలి. అల్లికకు ఒక్క దారం చాలు. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుకుంటూ పోవడమే. షెట్లాండు ఆడవాళ్లు వంటచెరుకుకు బదులు కాల్చుకునే బురదమట్టి పెళ్లల బుట్ట వీపున మోసుకుంటూ, దారి పొడుగునా నడుస్తూనే అల్లేవాళ్లట. నడుముకు చిల్లులున్న తోలు పట్టీ, అందులో సూది మొన గుచ్చితే ఒక చేతికి బరువు తప్పుతుంది. కూలి మాత్రం డబ్బు కాదు. అంగడివాడు శాలువా తీసుకుని టీ పొడి, గుడ్డ ముక్క చేతిలో పెట్టేవాడు. దీని మీద 1872లో ప్రభుత్వం విచారణ కూడా జరిపింది. తాత షావుకారు దగ్గర నూలు తెచ్చి, చీర నేసి ఇస్తే కూలిలో పాత బాకీ కోసుకుని మిగిలింది ఇచ్చిన కథ షెట్లాండు అవ్వకు చెప్పాను. ‘మీకూ ఉన్నాడా వాడు!’ అంది.

ఇప్పుడు ‘తొందరగా అయిపోతాయి’ అన్నదానికి లెక్క చెబుతా. 100 గ్రాముల మామూలు స్వెట్టరు ఊలు ఉండలో సుమారు 200 మీటర్ల దారం ఉంటుంది. పల్చటి రకంలో 400. జాలీ అల్లికకు వాడేది 800 దాకా పోతుంది. చేతిలో బరువు అదే, అల్లాల్సింది నాలుగింతలు. షెట్లాండులో అన్‌స్ట్ అనే దీవివాళ్లు అల్లిన శాలువా పెళ్లి ఉంగరంలోంచి దూరిపోతుంది. తూకం వేసి చూస్తే అరచేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది, మనిషి కళ్లు మాత్రం అందులో నెలల తరబడి ఉంటాయి. తూకం వేసి ధర కట్టే అలవాటున్న చిన్నత్తకు ఈ ముక్క రెండుసార్లు చదువు.

అమ్మ శాలువా ఆ దీవుల పాత నమూనాయే, సముద్రపు అలల్లాగా వస్తుంది. 18 కుట్లకు ఒక అల. రెండేసి కుట్లు కలిపి ఒకటి చేయడం మూడుసార్లు. తర్వాత సూది మీదికి దారం ఊరికే వేసి ఒక కుట్టు అల్లడం, ఇట్లా ఆరుసార్లు. మళ్లీ రెండేసి కలపడం మూడుసార్లు. ఊరికే వేసిన దారం దగ్గర చిల్లు పడుతుంది, ఒక కుట్టు పెరుగుతుంది. కలిపిన చోట ఒకటి తగ్గుతుంది. ఆరు పెరిగాయి, ఆరు తగ్గాయి, జమాఖర్చు సరి. నాలుగు వరసల్లో ఈ తతంగం ఒక్క వరసలోనే, మిగతా మూడూ సాదా. కాబట్టి ఆ మూడు వరసల్లో నీతో ఫోన్ మాట్లాడగలను. నాలుగో వరసలో ‘ఊ’ కొట్టకపోతే అలిగి పెట్టేయకు. సూదుల మీంచి దించినప్పుడు అది పిండి పడేసిన మసిగుడ్డలా ఉంటుంది. తడిపి, నాలుగు వైపులా లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెడితేనే చిల్లులు తెరుచుకుని నమూనా బయటపడుతుంది. అమ్మ ఒక్కసారి ఉతికి దులిపి దండెం మీద వేసిందంటే ఈ పనంతా మళ్లీ మొదలు. దండెం వద్దు. చాప మీద పరచమను.

బావది కార్డిగన్, ముందు బొత్తాలతో. ఆ పేరు 1854లో బాలక్లావాలో గుర్రపు దళాన్ని రష్యావాళ్ల ఫిరంగుల మీదికి నడిపిన కార్డిగన్ దొరది. ఆ చోటి పేరే, బావ పాలకు పోతూ పెట్టుకునే మంకీ క్యాపుకు ఇక్కడ ఉంది. ఒకే యుద్ధంలోంచి ఒక మనిషికి టోపీ, స్వెట్టరూ రెండూ దక్కాయి.

షెట్లాండువాళ్లు కార్డిగన్‌ను గొట్టంలా గుండ్రంగా అల్లి, చివర్లో కత్తెర తీసుకుని నడిమధ్యన పైనుంచి కిందికి కోసేస్తారు. మొదటిసారి అవ్వ కోస్తుంటే నేను కళ్లు మూసుకున్నా. మగ్గం మీద బట్టకు కత్తెర చూపించినవాణ్ణి మన తాత ఇంట్లోకి రానిచ్చేవాడా? ఏమీ కాలేదు. ఆ ఊలు నూగుగా ఉండి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, కుట్లు జారవు. పట్టు కలిసిన నున్నటి దారంతో ఆ వేషాలు కుదరవు, అందుకే బావది ముక్కలుగా అల్లి అతుకుతున్నా. ఉత్త నూలు వాడలేదు. నూలుకు ఊలులాగా వెనక్కి లాగే గుణం లేదు, బరువెక్కువ. పొద్దున నడుము దాకా ఉన్నది సాయంత్రానికి తొడల మీదికి దిగుతుంది. అందుకని సన్న ఊలులో పట్టు కలిపినది కొన్నా. లేబులు మీద మల్బరీ పట్టు అని గొప్పగా ఉంది. ఆ పురుగు మన ధర్మపురి గూళ్ల మార్కెట్టుదో చైనాదో రాయలేదు. ధర చూశాక మనవైపుదే అయ్యుంటే బాగుండుననిపించింది, కనీసం మన రైతుకు నాలుగు డబ్బులు ముట్టేవి.

ఇక కొలతలు. ఇక్కడే నాకు నువ్వు కావాలి. ఈ దారంతో 10 సెంటీమీటర్లకు 28 కుట్లు పడుతున్నాయి. బావ ఛాతీ 104 అనుకుని, ఊపిరాడేందుకు ఇంకో 6 కలిపితే 110 సెంటీమీటర్లు, అంటే 308 కుట్లు. నా చేయి కాస్త వదులై 28 బదులు 26 పడ్డాయనుకో, అవే 308 కుట్లు 118 దాటిపోతాయి. అందులో బావతోపాటు చిన్నోడు కూడా పడతాడు. అందుకే ముందు చిన్న చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి, కొలిచి, అప్పుడే మొదలుపెట్టాలి. ‘ఇంకా మొదలుపెట్టలేదా’ అని నువ్వు ఫోన్ చేసిన రోజుల్లో జరిగింది అదే.

కొలతలంటే గుర్తొచ్చింది, చెన్నైలో రికాబులు లేని గుర్రమెక్కిన మన్రో దొర విగ్రహం చూశావు కదా. ఆయన ఈ గ్లాస్గోలోనే పుట్టాడు. 1792 నుంచి 1799 దాకా మన ధర్మపురి ఉన్న బారామహలులో ఉండి, రీడ్ దొర కింద భూములు కొలిపించి శిస్తు కట్టాడు. మన పొలాలకు ఆయన కొలతలు దొరికాయి. నాకు బావ ఛాతీ దొరకడం లేదు.

కాబట్టి అక్కా, టైలరు టేపు తీసుకో. బావ ఛాతీ, చేయి పొడుగు, భుజం నుంచి నడుము దాకా, మూడూ కొలువు. సెంటీమీటర్లలో. అన్నం తిన్నాక కొలువు, పొట్ట బిగబడితే వదిలేదాకా ఆగు. చిన్నత్తకు స్కార్ఫ్ మాత్రమే వస్తుంది, తోడికోడలికి కూడా అదే కొలత, అదే రంగు, ఇందులో బేరం లేదు. ఊలుది ఏదైనా సరే చల్లటి నీళ్లలో చేత్తోనే ఉతకాలి. వాషింగ్ మెషిన్లో వేడినీళ్లలో వేస్తే కుంచించుకుపోయి బావ కార్డిగన్ చిన్నోడికి సరిపోతుంది. కొలతలు ఈ ఉత్తరం అందాక వచ్చే ఆదివారంలోగా పంపు, లేకపోతే బావకు కూడా స్కార్ఫే.

ఇట్లు,
నీ తమ్ముడు