సర్వే సారొస్తే ఇంటాయన్ను బయటికి పంపండి

జాతీయ నమూనా సర్వే వాళ్లు బేతంచెర్లలో మీ తలుపు తట్టి ఇంటి ఖర్చులు అడిగితే, మొదట ఇంటాయన్ను బండల ఫ్యాక్టరీకో టీ అంగడికో పంపండి. మర్యాద కాదనుకోకండి. నూనె ప్యాకెట్ ఎన్నాళ్లకు అయిపోతుందో, పక్కింటి వదిన దగ్గర ఎన్ని గ్లాసుల చక్కెర చేబదులు తెచ్చారో ఆయనకు తెలియదు. "నెలకు పదివేలు రాసుకోండి సార్" అని లేచి పోతాడు. ఆ ఒక్కమాటతో మీ వంటిల్లంతా లెక్కలోంచి జారిపోతుంది. పొయ్యి దగ్గర నిలబడే మనిషే చెప్పాలి. రోజూ అంగడికి పోయొచ్చే పిల్లోణ్ణీ పక్కన కూర్చోబెట్టుకోండి. వాడికి ప్రతి ధరా నోటికొస్తుంది.

సారు వస్తున్నాడని ఇల్లు సర్దకండి. ఖాళీ నూనె ప్యాకెట్లు, అంగడి ఖాతా పుస్తకం, మందుల చీటీలు, ఫోన్‌లో రీచార్జి మెసేజీలు ముందర పరచండి. కూరగాయలు, నూనె, గుడ్లు, మాంసం గడిచిన 7 రోజులకు అడుగుతారు. బియ్యం, బ్యాళ్లు 30 రోజులకు. బట్టలు, చెప్పులు, బడి ఫీజులు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు 365 రోజులకు. బండ కోసే మిషన్ దగ్గర దుమ్ము మింగి దగ్గు పట్టిన మనిషిని పది నెలల కింద కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు బయట కొన్న మందులకు ఎంతయిందో ఎవరికి గుర్తుంటుంది? చీటీ ఉంటే ఆ ఖర్చు మరుపున పడకుండా దేశం లెక్కలోకి ఎక్కుతుంది. బండల దుమ్ముతో బతికే మన ఊరికి ఈ ఆసుపత్రి ఖర్చు చిన్న విషయం కాదు.

డబ్బు పెట్టనివీ చెప్పండి. రేషన్ బియ్యం, పుట్టింటి నుంచి వచ్చిన జొన్నలు, అప్పుకు తెచ్చిన బుడ్డలు అన్నీ. వాళ్లు అడిగేది కొన్నది కాదు, తిన్నది. బియ్యం కార్డు పోతుందని భయపడి దాచకండి. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం మీ ఇంటి వివరాలు గుట్టుగా ఉంచాలి, గణాంకాలకు తప్ప వాడకూడదు. బీడీలు, మందు దాచడం అన్ని ఊళ్లలో ఉన్నదే. అదీ చెప్పేయండి.

పేదగా చెప్పుకుంటే మేలనే సలహా మాత్రం వినకండి. 2023-24లో దేశమంతా కలిపి అడిగింది 2,61,953 ఇళ్లనే. ఒక్కో ఇల్లు సగటున వెయ్యికి పైగా ఇళ్ల తరఫున మాట్లాడింది. మన రాష్ట్రంలో తలకు నెల ఖర్చు పల్లెల్లో 5,327 రూపాయలు, పట్టణాల్లో 7,182 అని తేలింది ఆ జవాబుల వల్లే. ధరల సూచీలో బియ్యానికెంత బరువు, మందులకెంత అన్నది కూడా ఇట్లాంటి సర్వే నుంచే తీస్తారు. 2017-18 సర్వే ఫలితాలను కేంద్రం బయట పెట్టకపోవడంతో, 2011-12 నాటి వంటింటి లెక్కతోనే పదేళ్లకు పైగా ధరలు కొలిచారు. ఈలోగా ఫోన్ రీచార్జి, నీళ్ల క్యాను మన ఖర్చుల్లో కూర్చున్నాయి. ఆ పాత తూకంలో వాటి బరువు మాత్రం 2011-12 నాటిదే. తగ్గించి చెబితే, మీలాంటి వాళ్లకు అంతే చాలని కాగితం మీద పడుతుంది.

చివరిగా, "అన్నీ ఇప్పుడే రాసుకుని పోండి" అనకండి. 2022-23 నుంచి ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వస్తున్నారు, తిండికి ఒకసారి, మిగతా వాడకాలకు ఒకసారి, సామాన్లకు ఒకసారి. అక్కలారా, పని మానుకుని కూర్చోవడం కష్టమే. అయినా మూడుసార్లూ తలుపు తీయండి.