మూసిన తలుపు ముందు బెంచీని

తెనాలిలో ఒక వడ్రంగి నన్ను టేకుతో చేశాడు. ఆరుగురు సర్దుకుని కూర్చునే పొడుగు బెంచీని. వీపు ఆనించుకోవడానికి చెక్క లేకపోయినా నా మీద కూర్చుని తెల్లవార్లూ పద్యనాటకాలు చూసేవాళ్లు. కృష్ణుడు రాయబారం పద్యం అందుకుని రాగం తీస్తే చాలు, ‘వన్స్ మోర్’ అంటూ నేలను తన్నేవాళ్లు. ఆ అదురు నా కాళ్లలోకి పాకేది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక కుటుంబాల వాళ్లు మా ఊళ్లో డేరా వేస్తే నన్ను అద్దెకు మోసుకెళ్లేవారు. అప్పట్లో అందరూ ‘నాటకాల హాలు’ అనేవారే గానీ థియేటర్ అన్న మాట నా చెవిన పడలేదు.

నన్ను సినిమా హాలుకు అమ్మాక విన్నానా మాట. అక్కడ నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు. టికెట్టుకే నా పేరు! గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. ఆట మొదలయ్యాక నా చివర కూర్చుని ‘బర్మా థియేటర్లో పనిచేశాన్రా’ అనేవాడు. ‘అక్కడ ఏం సినిమా ఆడింది తాతా?’ అని కుర్రాళ్లు అడిగితే, యుద్ధం జరిగే ప్రాంతాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు అలాగే అంటారని చెప్పేవాడు. నాకు వింతనిపించలేదు. నాటకం ఆడే చోటు రంగస్థలం, కత్తులు దూసే చోటు యుద్ధరంగం. మన తెలుగు ఆ రెండింటినీ ఎప్పుడో ఒక్క మాటలో కట్టేసింది.

హాలు మూతపడ్డాక పాత సామాన్ల కొట్టు నుంచి మరో జిల్లాలోని ఒక ఆసుపత్రికి చేరాను. ఆపరేషన్ థియేటర్ ముందు నన్ను గోడవారగా వేశారు. ఒకరోజు పెద్ద సర్జను నా మీద కూర్చుని హౌస్ సర్జన్లకు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాడు. థియేటర్ అంటే గ్రీకులో చూసే చోటట. మన ప్రేక్షాగృహం లాంటిదే. లండన్‌లో 1822లో సెయింట్ థామస్ ఆసుపత్రికి కట్టిన ఆపరేషన్ థియేటర్ ఒక చర్చి అటక మీద ఉంది. మధ్యలో కొయ్యబల్ల, దాని కింద నెత్తురు పీల్చుకోవడానికి రంపపు పొట్టు పోసిన పెట్టె. చుట్టూ మెట్లమెట్లుగా నిలబడి విద్యార్థులు చూసేవారు. మత్తుమందు ఇంకా రాని కాలం. తర్వాత సూక్ష్మక్రిముల సంగతి తెలిసింది, 1867లో లిస్టర్ అనే సర్జను పుండ్లు చీము పట్టకుండా చేసే పద్ధతిని వివరించాడు. క్రమంగా చూసేవాళ్లను బయటికి పంపించేశారు. పేరు మాత్రం లోపలే ఉండిపోయింది.

అలా బయటికి వచ్చినవాళ్ల వారసులే ఇప్పుడు నా మీద కూర్చుంటున్నారని నాకనిపిస్తుంది. తెర లేస్తుందని ఎదురుచూసిన జనాన్ని మోశాను. ఇక్కడ లేవాల్సింది తెర కాదు, తెరుచుకోవాల్సింది తలుపు.

ఒక సాయంత్రం ఒక ముసలమ్మ వచ్చింది. లోపలికి తీసుకెళ్లిన భర్త చెప్పులూ వాచీ ఒళ్లో పెట్టుకుంది. అంతకుముందే కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. బొటనవేలి సిరాను నా అంచుకు రాసింది. ఆరింటికి కూర్చున్న మనిషి మంచినీళ్లకైనా లేవలేదు, పిలుస్తారేమోనని. ఆపరేషన్ బాగానే అయింది, పదింటికల్లా ఆయన్ని అవతలి తలుపులోంచి వార్డుకు చేర్చారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. రాత్రి రెండింటికి నేల తుడిచే అమ్మాయి చూసి, ‘అయ్యో, మామ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా!’ అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. ఆ నాలుగు గంటలూ ఆమె ఒళ్లు వణికిన వణుకు నాకు తెలుసు.

ఆ సిరా మరక నా కుడి అంచున ఇప్పటికీ ఉంది. డాక్టరుగారూ, నర్సమ్మా, లోపల మీ చేతులు ఖాళీగా ఉండవని నాకు తెలుసు. అయినా గంటకోసారి ఎవరినైనా పంపి తలుపు ఓరగా తీయించండి. నా మీద కూర్చున్నవాళ్లను పేరు పెట్టి పిలిచి ఒక్క మాట చెప్పించండి.