నెత్తి మీద ఊడ్పులు

ముందే మనవి చేసుకుంటున్నాను. నా బట్టతల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అది ముప్పై రెండో ఏట మొదలై, నలభై ఐదు నిండేసరికి తన పని తాను ముగించుకుంది. సెలూన్‌లో నా వంతు ఐదు నిమిషాల్లో అయిపోతుంది. డబ్బులు మాత్రం నిండుజుట్టు వాడితో సమానంగా పుచ్చుకుంటారు, ఆ గొడవ ఇంకోసారి చెప్తాను. ఇప్పుడు నా గోడంతా మావాడి జుట్టు గురించి.

వాడికి ఇరవై ఎనిమిదేళ్లు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సంబంధాలు చూస్తున్నాం. మొన్నామధ్య ఒకరు జాతకం అడిగితే పంపాం, జీతం ఎంతంటే చెప్పాం. చివర్లో ఆ అమ్మాయి తండ్రి కాస్త మొహమాటపడుతూ, "అబ్బాయిగారిది వెనకనుంచి తీసిన ఫోటో ఏదైనా ఉంటే..." అన్నాడు. ఉంది, పంపాం. మళ్లీ ఫోను రాలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కూర గురించి మాట్లాడుకోవడం మానేసి కుదుళ్ల గురించి మాట్లాడుకుంటున్నాం.

మొదటి పంచాయితీ, ఈ పాపం ఎవరి వంశానిదని. "ఇంకెవరిది, మిమ్మల్ని చూస్తే తెలియట్లేదూ?" అంది మా ఆవిడ. నేను ఊరుకుంటానా! మగపిల్లాడికి ఎక్స్ క్రోమోజోము తల్లి నుంచే వస్తుందని, బట్టతలతో గట్టి సంబంధమున్న జన్యువొకటి దాని మీదే ఉందని చదివి పెట్టుకున్నాను. మారుమాట్లాడకుండా గోడ మీద దండేసి ఉన్న మా మావగారి ఫోటో వైపు చూశాను. ఆ ఫోటో తీసినప్పుడు వెలిగిన ఫ్లాష్ ఆయన నెత్తి మీద ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. ఆ పూట నాకు కాఫీ రాలేదు. తర్వాత మా ఇంటి డాక్టరుగారు, ఇందులో చాలా జన్యువులకు పాత్ర ఉంది, రెండు వైపుల నుంచీ వస్తాయి అన్నారు. ఉమ్మడి ఆస్తన్నమాట. వాటాలు తేలలేదు.

ఇక మావాడు జుట్టుకు రాసుకునే మందు సీసా దగ్గరికి వద్దాం. మినాక్సిడిల్, ఐదు శాతం, అరవై మిల్లీలీటర్లు. పొద్దున ఒక మిల్లీలీటరు, రాత్రి ఒకటి, అంటే లెక్కగా నెలకో సీసా. మావాడు అద్దం ముందు మెడ వంచి, కళ్లు పైకెత్తి, డ్రాపర్‌ని గీత దాకా నింపి, కంసాలి బంగారం తూచినంత శ్రద్ధగా నడినెత్తి మీద వదులుతాడు. అది అక్కడ ఆగదు. పాపిట వెంట జారి నుదుటి మీదికి దిగుతుంది. కారిన చోట కూడా వెంట్రుకలు మొలిచే ప్రమాదం ఉందని వాడు కంగారుగా తువ్వాలుతో తుడుచుకుంటాడు. ఆ తువ్వాలు నాది. నా మొహం మీద ఏమైనా మొలిస్తే బాధ్యత ఎవరిదో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఇదిగాక నాలుగు గంటలు తల తడపకూడదు, ఆరేదాకా తలగడ మీద వాలకూడదు. ఇల్లంతా స్పిరిట్ వాసన. ఎదురింటివాళ్ల పిల్లి మా ఇంట్లో పాలు తాగి వెళ్లేది. ఈ మందు పిల్లులకు విషంతో సమానమని తెలిసి దాన్నీ రానివ్వడం మానేశాం.

ఇంత చేసినా మూడో వారానికి ఏమైంది? ఉన్నదే ఊడడం మొదలైంది. బాత్రూములో జాలీ మూసుకుపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది సామెత కాదు, వైద్యశాస్త్రమని అప్పుడు తెలిసింది. పాత వెంట్రుక రాలితేగాని కొత్తది రాదట, అది మందు పనిచేస్తోందనడానికి గుర్తట. ఫలితం కనిపించడానికి నాలుగు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుందట. వచ్చాక మానేస్తే, మళ్లీ మూడు నాలుగు నెలల్లో వచ్చిందంతా పోతుందట. ఇది మందా, బ్యాంకు లోనా? లోనుకైనా ఆఖరి వాయిదా అనేది ఒకటి ఉంటుంది.

అసలు ఈ మందు పుట్టింది నెత్తి కోసం కాదు. 1979లో అమెరికాలో తీవ్రమైన రక్తపోటుకు మాత్రగా అనుమతించారు. మింగినవాళ్లకు మొహాన, చేతుల మీద జుట్టు మొలుస్తుంటే గమనించి, 1988లో దాన్నే నెత్తికి రాసుకునే మందుగా దించారు. దీనికి తోడుగా చెప్పే ఫినాస్టరైడ్ సంగతీ అంతే. 1992లో ప్రోస్టేట్ వాపుకు ఐదు మిల్లీగ్రాముల మాత్రగా వచ్చి, 1997లో ఒక మిల్లీగ్రాముకు తగ్గి జుట్టు మందయింది. మగ హార్మోను డీహెచ్‌టీగా మారి నడినెత్తి కుదుళ్లను కుదించేస్తుంటే, ఇది ఆ మార్పుకు అడ్డుపడుతుంది. నాకు బీపీ ఉంది, ప్రోస్టేట్ ఉంది. ముసలాళ్ల మందులు రెండూ కుర్రాళ్ల నెత్తికెక్కి కూర్చున్నాయి, నాకు రాసిన మాత్రలు మాత్రం వేరే రకం. పైగా ఈ ఫినాస్టరైడ్ వల్ల కొద్దిమందికి సంసారజీవితంలో ఇబ్బంది రావచ్చని డాక్టరుగారు గొంతు తగ్గించి చెప్పారు. పెళ్లి కోసం వేసుకునే మందుకు ఆ గుణం ఏమిటో!

"ఈ చాకిరీ ఎందుకు నాన్నా, ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటే ఒక్కసారితో పోతుంది" అన్నాడు మావాడు. సరేనని ఒక క్లినిక్‌కి వెళ్లాం. ఏసీ గది, మెత్తటి సోఫా, బాదంపాలు. టేబుల్ మీద ఏడు మెట్ల బట్టతల బొమ్మల చార్టు. కౌన్సెలరమ్మాయి మావాణ్ని మూడో బొమ్మ దగ్గర నిలబెట్టి, నావైపు ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. వేలు మాత్రం దానంతటది ఏడో బొమ్మ మీదికి జరిగింది.

అప్పుడా అమ్మాయి వివరించింది. తల వెనక, చెవుల పైన ఉండే జుట్టు డీహెచ్‌టీకి లొంగదు. అక్కడి కుదుళ్లను ఒక్కొక్కటే తీసి ముందు నాటితే, ఎక్కడ నాటినా పుట్టినచోటి గుణమే చూపిస్తాయి. న్యూయార్కులో నార్మన్ ఒరెంట్రైక్ అనే డాక్టరు 1952లో మొదలుపెట్టిన పని ఇది. ఒక్కో కుదురులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. మావాడికి 2,500 కుదుళ్లు కావాలి, ఏడెనిమిది గంటల పని. వింటుంటే నాకు మా కోనసీమ గుర్తొచ్చింది. ఇవి ఊడ్పులే! ఆకుమడిలో నారు పీకి, కుదురుకు రెండు మూడు మొక్కల చొప్పున చేలో నాటడం నాకు తెలియనిదా? నాటిన కొత్తల్లో మొక్క వాడినట్టే, ఇక్కడా నెల తిరక్కుండా నాటిన జుట్టంతా రాలిపోతుందట. కుదురు లోపలే ఉండి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలకెత్తి, ఏడాదికి పంట చేతికొస్తుంది. మాఘమాసంలో ముహూర్తం కావాలంటే చైత్రంలోనే ఊడ్చాలి. పది రోజుల ముందు ఊడ్చుకుని పీటల మీద కూర్చుంటే, పెళ్లికూతురు సరిగ్గా ఆ కుదుళ్ల మీదే జీలకర్ర బెల్లం పెడుతుంది.

తేడా ఒక్కటే. మా ఊళ్లో నారు చాలకపోతే ఆకుమడిలో మళ్లీ విత్తనం చల్లుకుంటాం. నెత్తి వెనక ఆ వీలు లేదు. తీసింది తీసినట్టే.

కుదురుకు నలభై ఐదు చొప్పున 1,12,500 రూపాయలు. ఊడ్పుకూలి మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. జుట్టు నాటడాన్ని ప్రభుత్వం వైద్యసేవల మినహాయింపులో చేర్చలేదు. మొత్తం 1,32,750. సీసా మాకు 750 పడుతోంది కాబట్టి ఏడాదికి 9,000, ముప్పై ఏళ్లకు 2,70,000. సగానికి సగం తేలిక! చెక్కు పుస్తకం తీస్తూ, లాంఛనానికి అడిగాను. "ఇక ఆ సీసా మానేయొచ్చు కదమ్మా?"

"లేదంకుల్, అది కంటిన్యూ చెయ్యాలి."

ఎందుకంటే, నాటినవి ఉంటాయి గానీ వాటి మధ్య ఉన్న సొంతవి ఊడుతూనే ఉంటాయి. వాటిని కాపాడుకోకపోతే కొన్నేళ్లకు నాటిన జుట్టు గోదావరి మధ్య లంకల్లా మిగులుతుంది. చెక్కు పుస్తకం లోపల పెట్టేశాను. నాటేది ఎవరమ్మా అంటే, "మా టీమ్ సార్" అంది. డాక్టరుగారు ఏరంటే, ఆపరేషన్ రోజున వస్తారంది. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది ఈ పనికి శిక్షణ కిందికి రాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పాల్సి వచ్చిందంటే, దేశంలో ఊడ్పులు ఎంత జోరుగా సాగుతున్నాయో ఊహించుకోండి. మా ఊళ్లో అయితే నాటే కూలీలను రైతు ముందే చూసుకుంటాడు.

చివరికి ఒక చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాం. బాదంపాలు లేవు, గంటన్నర బెంచీ మీద కూర్చున్నాం. థైరాయిడ్, ఐరన్ పరీక్షలు రాసి, ఆయన చెప్పింది నాలుగు ముక్కలు. ఆపరేషన్ చెడ్డది కాదు. కానీ ఈ వయసులో ఊడడం ఎక్కడ ఆగుతుందో తెలియదు, ఉన్న నారంతా ఇప్పుడే ముందు నాటేస్తే రేపు వెనక ఖాళీకి నారుండదు. ఏడాది మందు వాడి చూడండి, నిలబడితే అప్పుడు ఆలోచిద్దాం. మావాడి మొహం వాడిపోయింది. నాకు మాత్రం ఆయన ఎవరో మంచి రైతు బిడ్డలా కనిపించాడు.

ఇప్పుడు ఎనిమిదో సీసా నడుస్తోంది. న్యాయంగా చెప్పాలి, నడినెత్తిన నూగులాంటిది వచ్చింది. కిటికీ దగ్గర నిలబెట్టి చూస్తే కనిపిస్తుంది. కిందటి వారం రాజమండ్రి సంబంధం వాళ్లు వచ్చి చూసి, సరేనన్నారు. అమ్మాయి వాడి తల వైపు చూడనే లేదట, ఇద్దరూ బిర్యానీ గురించి మాట్లాడుకున్నారట. ఆ సంతోషంలో మా ఆవిడ దేవుడి గదిలోకి వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చి, మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. సంబంధం కుదిరితే వాడి తలనీలాలు సమర్పిస్తానని పోయినేడాదే వెంకన్నకు మొక్కుకుందట!

ఎనిమిది సీసాలు, ఆరు వేల రూపాయలు. ఆ పంటంతా కొండ మీద దేవస్థానం వారి వేలంలోకి పోతుంది. గుండయ్యాక కూడా సీసా ఆపకూడదని డాక్టరుగారు ఫోన్‌లో చెప్పారు. తిరుపతికి రైలు టికెట్లు మూడు తీశాను. కల్యాణకట్టలో గుండు మాత్రం ఉచితం.