భక్తి కాలుష్య నియంత్రణ మండలి

జెమీమా రోడ్రిగ్స్ చేసిన నేరమేమిటో ఈపాటికి దేశమంతటికీ తెలుసు. 2025 అక్టోబరు 30 రాత్రి నవీ ముంబయిలో ఆస్ట్రేలియా బౌలర్లకు చివరిదాకా ఎదురునిలిచి, 127 పరుగులతో అజేయంగా ఉండి, 339 లక్ష్యాన్ని దాటించి మన జట్టును మహిళల ప్రపంచకప్ ఫైనల్‌కి చేర్చడం నేరం కాదు. అది దేశసేవ కింద జమ. ఆ తర్వాత మైకు ముందుకొచ్చి, కళ్లు తుడుచుకుంటూ, మొట్టమొదట యేసుకు వందనాలు చెప్పుకుంది చూశారూ, అదీ నేరం. తెల్లారేసరికి ఫోన్ల నిండా ఒకటే సుభాషితం: ఆటను మతంతో కలుషితం చేయొద్దు.

కలుషితం అన్న మాట వినబడితే ఫ్యాక్టరీల మధ్య బతికే మా పటాన్‌చెరువాళ్లకి చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ సబ్జెక్టులో మాకున్నంత అనుభవం ఇంకెవరికుంది? నక్కవాగు రంగు చూసి ఎగువన ఏం కాస్తున్నారో చెబుతాం. అర్ధరాత్రి కిటికీలోంచి వచ్చే వాసనను బట్టి గాలి ఎటు తిరిగిందో చెబుతాం. పైగా నేను క్రైస్తవుణ్ని, క్రికెట్ పిచ్చోణ్ని. అంచేత ఈ జాతీయ సమస్యకి నా వంతుగా ఒక ప్రతిపాదన. భక్తి కాలుష్య నియంత్రణ మండలిని తక్షణం ఏర్పాటు చెయ్యాలి. ఆఫీసుకి జాగా ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర మేమే చూపిస్తాం.

ముందు వర్గీకరణ. పరిశ్రమల్ని ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని విడదీసినట్టే భక్తినీ విడదీయాలి. తెలుపుకి అనుమతుల బాధ లేదు. సొంత జట్టు ఓడిపోతోందనీ, వాస్తు దోషమనీ మన ఉప్పల్ స్టేడియంలో 2011లో కట్టిన వినాయకుడి గుడి తెలుపు. ఇదే ప్రపంచకప్పులో ఇంగ్లండ్ మ్యాచ్‌కి ముందు మన అమ్మాయిలు ఉజ్జయిని వెళ్లి మహాకాళేశ్వరుణ్ని దర్శించుకోవడం తెలుపు. ఈ రెండింట్లోనూ నాకు తప్పేమీ కనబడలేదు. భయమున్న చోట మొక్కు ఉంటుంది, ప్రపంచకప్పులో భయం ఉండకుండా ఎలా ఉంటుంది? సెంచరీ కొట్టి ఆకాశంలోకి చూడటం ఆకుపచ్చ. ఇక మోకాళ్ల సంగతి. 2023లో వాంఖడేలో శ్రీలంక మీద ఐదో వికెట్ పడగొట్టి షమీ ఒక్క క్షణం మోకాళ్ల మీదికి వంగితే, అది అలసటా, నమాజులోని సజ్దానా అని దేశం రోజుల తరబడి శాంపిళ్లు తీసింది. కాబట్టి మోకాళ్లు నారింజ. యేసు పేరు మైకులో చెప్పడం మాత్రం నిఖార్సయిన ఎరుపు. జనావాసాలకి దూరంగా, పోలీసు బందోబస్తుతో చెప్పుకోవాలి.

రెండోది అనుమతులు. ఫ్యాక్టరీలకి ఇచ్చినట్టే, విశ్వాసం పెట్టుకోవడానికి సీఎఫ్‌ఈ (స్థాపన అనుమతి), దాన్ని నడుపుకోవడానికి సీఎఫ్‌ఓ (నిర్వహణ అనుమతి). దరఖాస్తులో నింపాల్సినవి: దేవుడి పేరు, రోజువారీ ప్రార్థన సామర్థ్యం, వాడే ముడిసరుకు, బయటికి వదిలే కృతజ్ఞత ఎంత, అది పోయి ఎక్కడ కలుస్తుంది. జెమీమా ఫారం చూస్తే అధికారికి కళ్లు తిరుగుతాయి. ముడిసరుకంతా కన్నీళ్లే. ఆందోళనతో దాదాపు రోజూ ఏడ్చానని తనే ఒప్పుకుంది. 2022 ప్రపంచకప్పుకి ఆమెను తీసుకోలేదు, ఈసారి టోర్నీ మధ్యలో ఒక మ్యాచ్‌కి పక్కన కూర్చోబెట్టారు. సెమీస్ చివర్లో ఒంట్లో సత్తువ అయిపోతే, ఊరకే నిలబడు, నీ పక్షాన దేవుడే పోరాడతాడన్న లేఖనాన్ని లోపల్లోపల వల్లించుకుందట. ముందు ఎర్రసముద్రం, వెనక ఫరో సైన్యం ఉన్న జనానికి మోషే చెప్పిన ధైర్యం అది. అనుమతి లేకుండా సముద్రాన్ని చీల్చిన కేసు కూడా ఇందులోనే కలపొచ్చు.

పాత కేసు ఒకటి ఉండనే ఉంది. ముంబయిలో ఖార్ జింఖానా ఆమెకిచ్చిన గౌరవ సభ్యత్వాన్ని 2024 అక్టోబరులో రద్దు చేసింది. వాళ్ల నాన్న క్లబ్బు హాల్లో మత సమావేశాలు పెట్టారన్నది ఆరోపణ. క్లబ్బుకి తెలిసే, నిబంధనల ప్రకారమే ప్రార్థన పెట్టుకున్నామని ఆయన అన్నారు. తండ్రి ప్రార్థిస్తే కూతురి సభ్యత్వం పోయింది. భక్తి గాలిలో కాదు, రక్తంలో పాకుతుందని కనిపెట్టిన ఆ కమిటీకి మండలిలో శాశ్వత సభ్యత్వం ఇవ్వాలి.

మూడోది శుద్ధి కేంద్రం. ఆటగాళ్ల నోటి నుంచి వచ్చే పచ్చి కృతజ్ఞతను ట్యాంకర్లలో నింపి తెచ్చి, ఉమ్మడి ప్లాంటులో పోసి, వాసన పోయేదాకా తిప్పాలి. ఇటు "థాంక్యూ జీసస్" పోస్తే అటు నుంచి "ఈ విజయం జట్టు సమష్టి కృషి, సపోర్ట్ స్టాఫ్‌కి ధన్యవాదాలు" అని రంగూ రుచీ లేని ద్రవం రావాలి. నమూనాకి పటాన్‌చెరు ప్లాంటు ఉంది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఈ లెక్కన జెమీమా మాటల్ని ఎంత శుద్ధి చేసినా కొంత యేసు మిగిలిపోవచ్చు. అందుకు మండలిని తప్పుపట్టకూడదు.

క్రైస్తవ ఆటగాళ్లకి నాదొక సలహా. మా కంపెనీల దగ్గర నేర్చుకోండి. వందనాలేమైనా ఉంటే అర్ధరాత్రి దాటాక వదలండి, లేదంటే జోరువాన పడేటప్పుడు వదలండి. పొద్దున్నే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేసరికి ఏమీ ఉండదు. పరుగువీరుడు ఎరిక్ లిడెల్‌లా మొండికి పోవద్దు. మా మెదక్ చర్చి తలుపులు తెరిచిన 1924లోనే, పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆయన పరుగే మానేశాడు. ఆదివారం జీరో డిశ్చార్జ్ అన్నమాట. తర్వాత 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చాడు. అప్పటికి మన మండలి లేదు కాబట్టి సరిపోయింది.

ఫైనల్ జరిగిన ఆదివారం ఆరాధన అయ్యాక, ఆట ఇంకా మొదలుకాకముందు, చర్చి ఆవరణలో ఒక తమ్ముడు నన్ను నిలదీశాడు.

"అన్నా, సెమీస్‌లో జెమీమా 82 దగ్గర ఉన్నప్పుడు ఆస్ట్రేలియా హీలీ వదిలేసిన క్యాచ్ మన ప్రభువే వదిలించిండంటావా?"

"ప్రభువు ఫీల్డింగ్ చెయ్యడు తమ్మీ. చేస్తే ఆస్ట్రేలియావాళ్ల చర్చీలు ఏమైపోవాలె?"

నా విశ్వాసం అంతే. దేవుడు స్కోరుబోర్డు తిప్పడు. భయంతో చేతులు వణికేవాడి పక్కన నిలబడతాడు, గెలిచినా ఓడినా. మా చర్చిలో ప్రతి వారం ఎవరో ఒక అక్క లేచి సాక్ష్యం చెబుతుంది: కాంట్రాక్టు ఉద్యోగం నిలిచిందనో, భర్త షిఫ్టు నుంచి క్షేమంగా వచ్చాడనో. జెమీమా చెప్పింది అలాంటి సాక్ష్యమే. అమ్మకీ, నాన్నకీ, కోచ్‌కీ, తనను నమ్మిన ప్రతి ఒక్కరికీ దండం పెట్టింది కూడా. అవన్నీ ఎవరికీ వినబడలేదు.

ఇక వెటకారం చాలు. ఆ ఆదివారం రాత్రి మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చారు. జెమీమాను తిట్టినవాళ్లే కప్పు ఫొటోలు స్టేటస్ పెట్టుకున్నారు. మా పిల్ల పరుగులు మీవి, మా పిల్ల కన్నీళ్లు మీవి, ఆ కన్నీళ్లు ఎవరి ముందు కార్చిందో ఆ పేరు మాత్రం పరాయిదా? ఈ దేశంలో మేం అద్దెకున్నామా, దేవుణ్ని తలుచుకోవడానికి మీ సంతకం తీసుకోవాలా?

కొలవడం ఈ దేశానికి చేతకాదని ఎవరూ అనలేరు. ఒక అమ్మాయి నోట వచ్చిన ఒక్క పేరుని రాత్రికి రాత్రి కొలిచి, తూచి, నివేదిక రాసేశారు. అదే దేశంలో, 2025 జూన్ 30న మా పక్కనున్న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలింది. యాభై మందికి పైగా పోయారు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి కూలి కోసం వచ్చిన పిల్లలు ఎందరో. ఎనిమిది మంది శవాలు కూడా దొరకలేదు. ఇంటివాళ్లని మూడు నెలలాగి రమ్మన్నారు. ఆ తర్వాత నెలంతా మా ఫోన్లలో ఒక్క సుభాషితం రాలేదు. పనిని చావులతో కలుషితం చేయొద్దని ఎవరూ రాయలేదు. హాజరు పుస్తకంలో ఉన్న మనిషి బూడిదలో కూడా లేకపోతే దేశానికి చీమ కుట్టలేదు.

మా దేవుణ్ని ఎక్కడ తలుచుకోవాలో మాకు తర్వాత నేర్పుదురుగానీ, ముందు ఆ ఎనిమిది మంది ఎక్కడున్నారో వాళ్ల అమ్మలకి చెప్పండి.