దావత్‌కు ఒంటె

మా ఉత్తర తెలంగాణలో ఒంటె కూర తిన్నవాళ్లు రెండు రకాలు. తిన్నామని చెప్పుకునేవాళ్లు ఒకరు, తిని గమ్మున ఉండేవాళ్లు ఇంకొకరు. ఇద్దరూ తిన్నది మాత్రం ఇక్కడ కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ దిక్కు ఏ ఊరికి పోయినా గల్ఫ్ పోయివచ్చిన మనిషి లేని వాడకట్టు దొరకదు. 1970లలో చమురు ధర ఎగిసిన కాలం నుంచి నడుస్తున్న దారి ఇది. ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్‌లను 2016 దసరా నాడు తలా నాలుగు జిల్లాలు చేశారు. ఆ ఎనిమిదింటికీ కలిపి తొమ్మిదో జిల్లా దుబాయి.

మా మేనమామ చెప్పుకునే రకం. సౌదీలో ఒక షేకు మజ్రాలో, అంటే పొలంలో, చాలా ఏండ్లు పనిచేసి వచ్చాడు. ఖర్జూర చెట్లకు నీళ్లు పెట్టాడు, గొర్రెలు కాశాడు, ఒంటెలకు గడ్డి వేశాడు. ఊర్లో ఉన్నప్పుడు బర్రెకు గడ్డి వేయమంటే కాళ్లు నొప్పులనేవాడు. ఆయనను ఏ దావత్‌లో కూర్చోబెట్టినా రెండో గ్లాసు కల్లుకు ఒంటె లేచి నిలబడుతుంది.

"ఎట్లుంటది మామా ఒంటె కూర?" అని అడిగాను.

"ఏముంటదిరా, ఉడికితె మాంసం, ఉడకకపోతె చెప్పు" అన్నాడు.

ఆయన మొదటిసారి తిన్న కథ ఇది. పండుగ నాడు కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, పెద్ద తొడ ముక్క ఒకటి పంపాడు. రూములో ఉన్నవాళ్లంతా మన దిక్కువాళ్లే. జగిత్యాల అతనికి ఊర్లో పెండ్లిళ్లకు ఉల్లిగడ్డలు కోసిన అనుభవం ఉంది కాబట్టి ఆయనే వంట మాస్టర్. నూనెలో ఉల్లిగడ్డ వేయించి, అల్లం ఎల్లిపాయ దంచి వేసి, ఇంటి నుంచి వచ్చిన కారం దండిగా పోసి, కుక్కర్ మూత పెట్టారు. యాట మాంసానికి నాలుగు విజిల్లు చాలు. నాలుగైనంక మూత తీస్తే ముక్క లోపలికి పోయినప్పుడు ఎట్లుందో అట్లే ఉంది. ఇంకో నాలుగు వచ్చినంక కొద్దిగా ముడుచుకుంది, అంతే. ఆ తర్వాత విజిల్లు లెక్కపెట్టడం మానేసి గ్యాస్ ఎంతుందో చూడటం మొదలుపెట్టారట. చివరికి పక్క రూము సుడాన్ అతను వాసనకు వచ్చి, మూత తీసి చూసి, నవ్వి పోయాడు. అది ముసలి ఒంటె తొడ. పొద్దున పొయ్యి మీద పెడితే రాత్రికి తినేది.

అరబ్బులు ఈ సంగతి తెలిసినవాళ్లు. వాళ్లు ఇష్టపడేది హాషీ, అంటే లేత ఒంటె. దాంతో మందీ, కబ్సా అనే మాంసపు అన్నాలు వండుతారు. ఒంటె బతుకంతా నడకే. నడిచిన కొద్దీ, వయసు పెరిగిన కొద్దీ కండల మధ్య ఉండే నార గట్టిపడుతుంది. అది పెద్ద మంటకు లొంగదు. చిన్న మంట మీద గంటల కొద్దీ ఉంచితేనే కరిగి జిగురవుతుంది. పచ్చి బొప్పాయి రుద్ది నానబెడితే పని కొంత తొందరగా అవుతుంది. మన అవ్వలు ముదురు పొట్టేలుకు చేసే వైద్యమే అది.

ఆ కూరలో ఇంకో లోటు కూడా ఉందంటాడు మామ. గసగసాలు లేవు. ఎండుకొబ్బరి, గసగసాలు నూరి వేయని మాంసం కూరను మావాళ్లు కూర కింద లెక్కపెట్టరు. కానీ సౌదీలో, ఎమిరేట్స్‌లో గసగసాలు నిషేధం. నల్లమందు చెట్టు గింజలు గనుక మత్తు పదార్థాల కింద చూస్తారు. కొడుకు నోటికి రుచి తగలాలని తల్లి కట్టిచ్చిన మసాలా పొట్లంతో ఎయిర్‌పోర్టులో దొరికి జైలుకు పోయినవాళ్లు ఉన్నారు. కూర కోసం జైలు కూడు తినడం ఎందుకని మా మామ ధనియాల పొడితోనే సర్దుకున్నాడు.

ఇదంతా ఆయనకు పాత ముచ్చట. దానికి కొత్త ప్రాణం పోసింది మా చిన్న బామ్మర్ది. కరీంనగర్‌లో మంకమ్మతోట దిక్కు ఒక జిమ్ములో చేరినప్పటి నుంచి వాడు అన్నాన్ని అన్నం అనడు, కార్బ్ అంటాడు. వాళ్ల అవ్వ సర్వపిండి చేసి పెడితే దాంట్లో ప్రొటీన్ ఎంతని అడిగాడు. ఆమె ఇప్పటికీ కోలుకోలేదు.

"బావా, మటన్‌ల కొవ్వెక్కువ. క్యామెల్ అయితె మొత్తం లీన్. అరబ్బుల బాడీలు చూసినవా?"

నేను చూసిన అరబ్బులు ఫొటోల్లోవాళ్లే, అందరూ మెడ నుంచి మడమ దాకా తెల్లంగి తొడిగి ఉన్నారు. లోపల కండలున్నాయో లేదో ఎట్లా చెప్పను? అయినా వాడు చెప్పిందాంట్లో సగం నిజం. ఒంటె తన కొవ్వును ఒళ్లంతా పరచుకోదు, చాలామటుకు మూపురంలో దాచుకుంటుంది. ఆ మూపురంలో నీళ్లుంటాయని నేను చదువుకున్న బడిలో చెప్పారు, ఉండేది కొవ్వు. అందుకే లేత ఒంటె తొడ మాంసంలో కొవ్వు మన మటన్ కంటే తక్కువ.

మిగతా సగమే వాడు చెప్పలేదు. వంద గ్రాముల ఒంటె మాంసంలో ప్రొటీన్ ఇరవై గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. మేక మాంసంలో కూడా దాదాపు అంతే. తోలు తీసిన కోడి రొమ్ములో ఇంకో రెండు గ్రాములు ఎక్కువే వస్తుంది. అంటే ఎడారి దాటి, సముద్రం దాటి వచ్చిన ఒంటె, కరీంనగర్ టవర్ సర్కిల్ కాడి చికెన్ సెంటర్ ముందు ఓడిపోతుంది. మనిషికి రోజుకు ఎంత కావాలో చెప్పేది కూడా మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే. 65 కిలోల మగమనిషికి 54 గ్రాములు చాలని 2020లో లెక్క కట్టింది. మా బామ్మర్ది ఆ లెక్క విని, అది మామూలు మనుషులకని కొట్టిపారేశాడు.

నాకు మాత్రం ఆరోగ్యం కంటే దావత్ లెక్క ఆశ పుట్టించింది. 2014 నాటి నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేండ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లే. పెండ్లి చేస్తే యాటలు ఎన్ని తెగినా, "ముక్కలు అందలే" అనే మాట ఏడాది దాకా వినబడుతుంది. మంచి ఒంటె అయిదు వందల కిలోలు తూగుతుంది. సగం మాంసమే అనుకున్నా రెండు వందల యాభై కిలోలు. ఒక్క జీవితో బంతి లేస్తుంది. ఇగ నల్లిబొక్క సంగతి. సిరిసిల్ల దిక్కు కథతో 2023లో వచ్చిన 'బలగం' సినిమాలో ఆ బొక్క కాడనే ఇంటల్లుడు అలిగిపోయి ఏండ్ల తరబడి మళ్లీ గడప తొక్కడు. ఒంటె తొడ బొక్క అయితే ఇంటల్లుళ్లందరూ చుట్టూ కూర్చొని తలా ఒక దిక్కు నుంచి పీల్చుకోవచ్చు. ఎన్ని కుటుంబాలు నిలబడేవో!

ఈ ఆలోచన ఇంట్లో చెబితే మా ఇంటామె గంటె కింద పెట్టింది. "ఒంటె నా వంటింట్లకు వచ్చిన్నాడు నేను మా తల్లిగారింటికి పోత. మీ ఇద్దరు బావబామ్మర్దులు ఉడకబెట్టుకుంట కూసోండ్రి" అంది. ఆ బామ్మర్ది ఆమె సొంత తమ్ముడే. తల్లిగారింటికి పోయినా వాడు అక్కడే ఉంటాడని గుర్తు చేశాను.

అయినా అడగడంలో తప్పేముందని మాకు ఎప్పుడూ మాంసం కొట్టే అన్నను అడిగాను. ఆయన కత్తి తుడుచుకుంటూ నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "యాట కావాల్నా, పొట్టేలు కావాల్నా చెప్పు సార్. ఒంటె కొడితె నన్ను పోలీసోళ్లు కొడ్తరు."

ఆయనకు చట్టం నాకంటే బాగా తెలుసు. మన ఆహార భద్రత నిబంధనల్లో మాంసానికి కోయదగిన జంతువుల జాబితాలో గొర్రె, మేక, పంది, పశువుల జాతి, కోళ్లు, చేపలు, కుందేలు ఉన్నాయి. ఒంటె లేదు. గాడిద కూడా లేదు. లేదన్న సంగతి తెలిసీ బాపట్ల, ప్రకాశం దిక్కు బలం వస్తుందని గాడిద మాంసం తినేవాళ్లు తింటూనే ఉన్నారు. కొత్త జంతువును చూడగానే మందు అనుకోవడం మన రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి ఆస్తి, విభజన చట్టంలో ఎవరి వాటాకు రాసిచ్చారో చూడాలి. ఆ మధ్య కడక్‌నాథ్ కోడి వంతు నడిచింది.

రాజస్థాన్ అయితే ఒంటెను 2014లో రాష్ట్ర జంతువును చేసింది, మరుసటి ఏడు కోయకుండా చట్టమే తెచ్చింది. ఒంటెలు తగ్గిపోతున్నాయని తెచ్చింది, అయినా తగ్గడం ఆగలేదు. 2012లో దేశంలో నాలుగు లక్షలున్న ఒంటెలు 2019 పశుగణనకు రెండున్నర లక్షలకు పడిపోయాయి. అదే గణనలో ఒక్క తెలంగాణలోనే గొర్రెలు 1.9 కోట్లు, దేశంలో మొదటి స్థానం. ఇన్ని గొర్రెల నడుమ కూర్చొని ఆ కొన్ని ఒంటెల మీద కన్నేయడం నాకే సిగ్గనిపించింది. ఐక్యరాజ్యసమితి 2024ను ఒంటె జాతుల సంవత్సరమని ప్రకటించింది కూడా. మనిషి పుట్టినరోజుకు నాలుగు చౌరస్తాల్లో ఫ్లెక్సీలు కట్టే మా ఊర్లో ఒంటెకు ఒక్క ఫ్లెక్సీ లేవలేదు.

ఒంటెలు మా దిక్కు అసలు రావని కాదు. కచ్ నుంచి రబారీలు వేల గొర్రెలతో, ఒంటెల మీద మంచాలు, కుండలు, చిన్న పిల్లలను ఎక్కించుకొని విదర్భ మీదుగా ఆదిలాబాద్ చేలల్లోకి వస్తారు. రైతులు వాళ్ల గొర్రెలను చేన్లలో మందగట్టించుకుంటారు, ఎరువు కోసం. ఆ ఒంటెను కూరకు అడిగితే ఏమంటారో నేను ఊహించగలను. తరతరాలుగా ఒంటెలు పెంచిన ఆ కులంలో ఒంటెను కోతకు అమ్మడం పాపం. ఒకప్పుడు పాలు అమ్మడం కూడా తప్పే. అందుకే నేను అడగలేదు. వాళ్ల చేతిలో కర్ర కూడా ఉంటుంది.

నన్ను నిజంగా నవ్వించేది వాళ్లు గొర్రెలు మేపే ఆ ఆదిలాబాద్ చేలే. పత్తి పక్కన అక్కడ పండేది సోయా, కంది. సోయాలో వంద గ్రాములకు ముప్పై అయిదు గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది, కందిపప్పులో ఇరవై రెండు. సోయా పండించిన రైతు ఒక్క గింజ నోట్లో వేసుకోకుండా క్వింటాళ్ల లెక్కన అమ్ముతాడు. మిల్లులో నూనె తీస్తారు, పిండి కోళ్ల ఫారానికి పోతుంది. కోడి దాన్ని తిని పెరిగి కరీంనగర్ వస్తుంది. మా బామ్మర్ది దాన్ని గ్రిల్ చేయించుకొని తిని, ఇది చాలదు, ఒంటె కావాలంటాడు. మీల్‌మేకర్ కూర పెడితే మాత్రం అలుగుతాడు.

మీరు రేపు రియాద్‌కో జెడ్డాకో పోయి, ఎవరన్నా హాషీ మందీకి పిలిస్తే మొహమాటపడకుండా తినండి. బాగుంటుంది, కొద్దిగా తియ్యగా కూడా ఉంటుంది. బాగా ఉడికిందో లేదో చూసుకోండి. పచ్చి ఒంటె పాలు మాత్రం తాగకండి, 2012లో సౌదీలో బయటపడ్డ మెర్స్ జ్వరం ఒంటెల నుంచి కూడా మనిషికి అంటుతుంది. కరీంనగర్ సందుల్లో ఎవరన్నా చాటుగా ఒంటె మాంసమని అమ్మజూపితే కొనకండి. అది ఒంటె అయితే నేరం, కాకపోతే మోసం. మా మామ రుచే కావాలంటే అదే కారం, అదే అల్లం ఎల్లిపాయతో కిలో పొట్టేలు మాంసం వండుకోండి. గసగసాలు దండిగా వేయండి, ఇక్కడ వాటికి జైలు లేదు.