పెనం మీద ఇంజన్ ఆయిల్

మా లారీకి ఓనరు మా ఆవిడ. ఆర్‌సీలో పేరు ఆవిడది, కిస్తీలు కట్టిన ఖాతా ఆవిడది, పర్మిట్టు, ఇన్సూరెన్సు కాగితాలున్న బీరువా తాళం ఆవిడ బొడ్డులోది. మరి మీరేమవుతారని ఎవరైనా అడిగితే ‘సాంకేతిక సలహాదారు’నని చెప్పుకుంటాను. సలహా ఎవరూ అడగరు గనక ఆ ఉద్యోగంలో శ్రమ లేదు. పొద్దున్నే ఆయిల్ గేజు బయటికి లాగి, వెలుతురుకి పట్టి చూసి, ‘ఊఁ’ అనడం ఒక్కటే నా డ్యూటీ.

విశాఖ మల్కాపురంవాడికి నూనె మీద అభిప్రాయం చెప్పే అధికారం పుట్టుకతోనే వస్తుందని నా నమ్మకం. రిఫైనరీ 1957 నుంచీ మా పక్కనే ఉంది మరి. ఆసుపత్రి పక్క ఇల్లయితే వైద్యం వస్తుందా అని మా ఆవిడ అడిగింది గానీ, అలాంటి ప్రశ్నలకి నేను జవాబివ్వను.

మాది పది టైర్ల బండి. పోర్టు నుంచి స్టాక్‌యార్డుకి బొగ్గు తోలుతుంది. లక్షల కిలోమీటర్లు తిరిగి తిరిగి మీటరు ముందే రిటైరైపోయింది, బండి మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

మొదట్లో నా కంగారంతా నలుపు గురించి. నూనె మార్చిన వారానికే గేజు మీద కాటుక రంగు కనిపించేసరికి ఇంజన్ పోయిందని ఇల్లంతా గోల చేశాను. డ్రైవరు నవ్వాడు. “ఏటి బాబూ, డీజిల్ బండికి నూనె నల్లబడకపోతే అప్పుడు కదా అనుమానపడాల!” అన్నాడు. నిజమే. డీజిల్ మండితే మసి పుడుతుంది. ఆ మసిని గోడలకి పట్టకుండా తనలో తేలుస్తూ మోయడానికే నూనెలో మందులు కలుపుతారు. నల్లబడిందంటే పని చేస్తోందన్నమాట.

అయినా సలహాదారుకి ఆధారం కావాలి కదా. నూనె చుక్కని బ్లాటింగ్ కాగితం మీద వేసి చూడాలని ఎక్కడో చదివాను. మసి అంచుదాకా సమంగా పాకితే నూనెలో ఇంకా సత్తువుందని, మధ్యలోనే నల్లగా ముద్దకట్టి చుట్టూ తేలిక రంగు వలయం మిగిలితే మార్చే వేళయిందని అర్థం. ఇంట్లో బ్లాటింగ్ కాగితం లేదు. ఇడ్లీ గుడ్డ ఉంది. ఫలితం బాగానే వచ్చింది, నూనె భేషుగ్గా ఉందని తేలింది. ఆ ఆదివారం మాత్రం మాకు ఉప్మాయే గతి అయింది.

తరవాత కొన్నాళ్లకి నూనె పోసే మూత లోపల తెల్లటి మీగడ కనిపించింది. నేనేమాత్రం తొణకలేదు. పోర్టు గేటు దగ్గర గంటలకొద్దీ క్యూ, తర్వాత చిన్న ట్రిప్పు, మళ్లీ క్యూ. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే సముద్రపు గాలిలోని తేమ లోపల చెమటపట్టి నూనెతో కలిసి మూతకి అంటుకుంటుంది. దూరం ట్రిప్పు ఒకటి వేస్తే పోతుంది. ఇదంతా కరెక్టే. విశాఖ ఉక్కపోతని ఎరిగినవాడెవడూ కాదనడు. అయితే మర్నాడు గేజు మీది నూనె కూడా పాలెక్కువైన కాఫీలా మారిపోయింది. మట్టం పై గీత దాటింది. నూనె వాడితే తరగాలి, పోయకుండా పెరిగిందంటే ఇంకేదో వచ్చి చేరుతోందని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నేను మాత్రం సముద్రపు గాలి సిద్ధాంతాన్నే పట్టుకు వేలాడాను. అంత చక్కటి సిద్ధాంతాన్ని వదులుకోవాలంటే ప్రాణం ఒప్పొద్దూ!

చివరికి నిప్పు పరీక్ష పెట్టాను. కాలిన ఇనుము మీద నూనె చుక్క వేస్తే, అందులో నీళ్లుంటే చిటపటమంటుంది. మా ఇంట్లో కాలిన ఇనుమంటే దోసెల పెనమే. అది తిరగమోతకి మించి చిటపటలాడింది. ఆ వాసనకి మా అత్తగారు పూజ మధ్యలో లేచి వచ్చారు. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని 1966లో ఊరూ వాడా గొంతెత్తింది. ఉక్కు సంగతేమో గానీ, మా ఇంటి ఇనప పెనం ఎవరి హక్కో ఆ పొద్దున నాకు స్పష్టంగా తెలిసింది.

తిట్లు సగంలో ఉండగానే నా తీర్పు వినిపించేశాను: “హెడ్ గ్యాస్కెట్ పోయింది. హెడ్డు దింపాలి. బోరింగు కూడా పడొచ్చు. నీ గాజులు...”

మా ఆవిడ గాజుల దాకా రానివ్వలేదు. ఖర్చుల పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. కూలెంట్ డబ్బా, కూలెంట్ డబ్బా, మళ్లీ కూలెంట్ డబ్బా. “బండి కింద నేలంతా పొడిగా ఉంది. మరి ఈ రేడియేటర్ నీళ్లు ఎవరు తాగుతున్నట్టు? కిందటి నెలే అడిగాను. ఎండకి ఆవిరైపోతున్నాయన్నారు.”

అన్నాను. గాలి సిద్ధాంతానికి ముందు నాది ఎండ సిద్ధాంతం.

బండిని స్టార్ట్ చెయ్యకుండా గాజువాక ఆటోనగర్‌కి లాగించాం. మేస్త్రీ నా ఉపన్యాసం రెండు నిమిషాలు విని, “అమ్మా, మీరు చెప్పండి” అని అటు తిరిగాడు. రాత్రంతా నిలిపిన బండి నూనె చాంబరు అడుగు బోల్టు కొంచెం వదులు చేశాడు. నూనె కంటే నీళ్లు బరువు గనక అడుక్కి దిగి ఉంటాయి. ముందు కూలెంటే కారింది. తర్వాత ప్రెజరు పెట్టి చూసి, హెడ్ గ్యాస్కెట్ శుభ్రంగా ఉందని, పోయింది ఆయిల్ కూలరని తేల్చాడు. ఇంజన్ నడుస్తున్నప్పుడు అందులో నూనె ఒత్తిడిదే పైచెయ్యి. ఆపేశాక నూనె ఒత్తిడి పడిపోతుంది, వేడి నీళ్ల ఒత్తిడి మాత్రం ఇంకాసేపు నిలుస్తుంది. చిల్లు పడిన కూలరులో నీళ్లు నూనెలోకి తోసుకొచ్చేది అప్పుడే. కూలరు మార్చి, లోపలంతా కడిగి, నూనె, ఫిల్టరు రెండు విడతలు మార్చితే బండి లేచింది. హెడ్డు దింపలేదు. గాజులు చేతులకే ఉన్నాయి. కొత్త పెనం ఖరీదు మాత్రం ‘లారీ రిపేర్లు’ కింద రాసి ఉంది.

లారీలున్న అన్నదమ్ములకి నా మనవి ఒక్కటే. నలుపు చూసి భయపడకండి. మూత ఒక్కటే తెల్లబడితే దూరం ట్రిప్పు వేసి మళ్లీ చూడండి. గేజు మీద కూడా కాఫీ రంగొచ్చి, రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే మాత్రం తాళం తిప్పకండి. ఆ నూనెతో నడిపితే బేరింగులు పోతాయి. షెడ్డుకి లాగించుకుపొండి. పోయేముందు ఇంట్లో లెక్కలు రాసేది ఎవరో వాళ్లనీ ఒక మాట అడగండి.